రోలర్‌బాల్: ఆట మిగిలింది, యజమాని తప్పించుకున్నాడు

పాత చిత్రాన్ని మళ్ళీ తీసి చెడగొట్టారనటం సినిమా విమర్శలో అన్నిటికన్నా తేలికైన పని. అంతమాత్రం చెప్పటానికి ఒక వ్యాసం అక్కర్లేదు. హాలీవుడ్డులో పాత కథలను ఏటేటా తిరగదోడుతూనే వుంటారు. వాటిలో చాలా భాగం వచ్చిన దారినే పోతాయి. కాని కొన్ని వైఫల్యాలు అట్లా కొట్టివేయదగినవి కావు. అదే కథను, అదే పేరును, అదే ఆటను చేతిలో పెట్టుకుని, వెనకటి తరం చెప్పిన మాటను తరవాతి తరం చెప్పలేకపోయినప్పుడు అందుకు చరిత్రలో ఏదో కారణం వుంటుంది. ఆ కారణాన్ని వెతకటం విమర్శకుడి బాధ్యత అని నా నమ్మకం.

‘రోలర్‌బాల్’ అనే పేరుతో రెండు చిత్రాలున్నాయి. మొదటిది 1975లో నార్మన్ జ్యూయిసన్ దర్శకత్వంలో వచ్చింది. రెండవది 2002లో జాన్ మెక్‌టియర్నన్ దర్శకత్వంలో వచ్చింది. రెండూ వైజ్ఞానిక కల్పనలే. రెండూ ఒక క్రూరమైన ఆటను గురించినవే. మొదటిది ఈనాటికీ చర్చకు వస్తూనే వుంది. రెండవది డబ్బూ తేలేదు, పేరూ తేలేదు. దానికి సుమారు 7 కోట్ల డాలర్లు ఖర్చయితే, ప్రపంచమంతటా కలిపి వసూలైనవి 2.6 కోట్ల డాలర్లు మాత్రమే.

ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూసిన మీదట నాకు తోచింది ఇది: మొదటి చిత్రం ఒక వ్యవస్థను బోనులో నిలబెట్టింది. రెండవ చిత్రం ఆ బోనులోకి ఒక దుర్మార్గుణ్ణి తెచ్చి, వ్యవస్థను వెనక తలుపుగుండా పంపించేసింది. కథ బలహీనపడటానికీ, ఆట అర్థం కాకుండా పోవటానికీ, శిల్పం చితికిపోవటానికీ మూలం అక్కడే వుంది.

మొదటి చిత్రంలో కథ 2018వ సంవత్సరంలో జరుగుతుంది. అప్పటికి దేశాలు లేవు. అవి దివాలా తీశాయి. తరవాత కార్పొరేషన్ల మధ్య యుద్ధాలు జరిగాయి, అవీ ముగిశాయి. ఇంధనం, ఆహారం, రవాణా, గృహవసతి, సమాచార ప్రసారం, విలాసాలు - ఇట్లా ఆరు గుత్త సంస్థలు భూగోళాన్ని పంచుకుని ఏలుతున్నాయి. ఆకలి లేదు, జబ్బులు లేవు. జనానికి సుఖం దొరుకుతుంది. బదులుగా వాళ్ళు ఒక్కటి వదులుకోవాలి, ఏ నిర్ణయం ఎవరు చేశారని అడిగే హక్కును. ఆ జనం చూడటానికి పెట్టిన ఆట రోలర్‌బాల్. గుండ్రటి వాలు బాట, దానిమీద చక్రాల బూట్లు తొడుక్కున్న ఆటగాళ్ళు, వాళ్ళను లాగే మోటారు సైకిళ్ళు, ఫిరంగిలోంచి దూసుకువచ్చే ఉక్కు బంతి. ఆ బంతిని పట్టి గోలులో వెయ్యాలి. ఈ లోపల చేతులు విరగవచ్చు, ప్రాణాలు పోవచ్చు.

ఇంధన కార్పొరేషనుకు చెందిన హ్యూస్టన్ జట్టులో జొనాథన్ ఇ. అనే ఆటగాడున్నాడు. ఆ పాత్రను జేమ్స్ కాన్ ధరించాడు. అతను పదేళ్ళుగా బతికి బయటపడుతున్నాడు. జనం అతని పేరును మంత్రంలా జపిస్తున్నారు. ఇదే అతను చేసిన నేరం. యాజమాన్యం తరఫున బర్థొలొమ్యూ (జాన్ హౌస్‌మన్) అతణ్ణి పిలిచి, మర్యాదగా, నెమ్మదిగా, ఇక విశ్రమించమంటాడు. ఎందుకని అడిగితే జవాబు రాదు. ఒంటరి మనిషి ఎంత పెనుగులాడినా ప్రయోజనం లేదని జనానికి రుజువు చెయ్యటానికే ఆ ఆటను పుట్టించారు. ఒక మనిషి ఆటకన్నా పెద్దవాడయితే ఆ రుజువు తలకిందులవుతుంది. అందుకే అతను తప్పుకోవాలి, లేదా చావాలి.

ఈ కల్పన గాలిలోంచి పుట్టలేదు. దీనికి మూలమైన కథను విలియం హారిసన్ రాశాడు. అతను ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు. కథ 1973 సెప్టెంబరులో ‘ఎస్క్వైర్’ పత్రికలో అచ్చయింది. చిత్రానికి స్క్రీన్‌ప్లే రాసిందీ అతనే. ఆ నెలను పాఠకులు గుర్తుంచుకోవాలి. 1973 సెప్టెంబరు 11న చిలీలో అయెందే ప్రభుత్వాన్ని సైన్యం కూలదోసింది. కథ రాసేనాటికి హారిసన్‌కు అది తెలిసే అవకాశం లేదు. కాని ఆ కుట్రకు ముందు జరిగినదంతా అప్పటికే బజారున పడింది. ఐ.టి.టి. అనే అమెరికన్ బహుళజాతి సంస్థ 1970లో అయెందేను గద్దె ఎక్కకుండా చెయ్యటానికి అమెరికన్ గూఢచారి సంస్థకు డబ్బిస్తామని ముందుకు వచ్చిన సంగతి 1972లో పత్రికలకెక్కింది. 1973 వసంతంలో అమెరికన్ సెనేటు ఉపసంఘం దాని మీద విచారణ జరిపింది. 1972 డిసెంబరులో అయెందే స్వయంగా ఐక్యరాజ్య సమితిలో నిలబడి, ఏ దేశానికీ జవాబు చెప్పని సంస్థలు దేశాలతో తలపడుతున్నాయని ప్రపంచానికి చెప్పాడు. 1973 అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చింది. ఇంధనాన్ని చేతిలో పెట్టుకున్నవాడి ముందు రాజ్యాలే తలవంచుతాయని సామాన్యుడికి కూడా తెలిసిపోయింది. ‘రోలర్‌బాల్’లో కథానాయకుడి యజమాని ఇంధన కార్పొరేషన్ కావటం యాదృచ్ఛికమని నేననుకోను.

చిత్రం తీసిన చోటుకు కూడా ఒక చరిత్ర వుంది. ఆట దృశ్యాలను మ్యూనిక్ నగరంలో, 1972 ఒలింపిక్సులో బాస్కెట్‌బాల్ పోటీలు జరిగిన హాలులో తీశారు. 1972 సెప్టెంబరులో సోవియట్ జట్టు అమెరికన్ జట్టును 51-50తో ఓడించింది ఆ హాలులోనే. చివరి మూడు సెకండ్లను మళ్ళీ మళ్ళీ ఆడించిన తీరును నిరసిస్తూ అమెరికన్లు రజత పతకాలు తీసుకోవటానికి నిరాకరించారు. రెండు రాజ్యాలు, రెండు వ్యవస్థలు తమ గౌరవాన్ని ఒక బంతి మీద పణంగా పెట్టిన హాలు అది. రెండు మూడేళ్ళు తిరక్కుండానే జ్యూయిసన్ అదే హాలులో జనాన్ని లేపి నిలబెట్టి, జాతీయగీతానికి బదులు కార్పొరేషన్ గీతం వినిపించాడు. ఆ దృశ్యంలో ఎవరూ ఆశ్చర్యపోరు. భయమంతా అందులోనే వుంది.

ఇప్పుడు శిల్పం సంగతి. మొదటి చిత్రంలో ఆట నియమాలు ప్రేక్షకుడికి బాగా అర్థమవుతాయి. మాడ్రిడ్ జట్టుతో జరిగే మొదటి ఆటను జ్యూయిసన్ తీరికగా, దూరంనుంచి చూపిస్తాడు. బంతి ఎటు తిరుగుతున్నదీ, ఎవరు ఎవరిని అడ్డగిస్తున్నదీ, తప్పు చేసినవాడికి శిక్ష ఏమిటో మనకు తెలుస్తుంది. ఇంత శ్రద్ధ ఎందుకు? ఎందుకంటే తరవాతి కథంతా ఆ నియమాలను ఒక్కొక్కటిగా పీకివెయ్యటమే. టోకియోతో ఆటకు శిక్షలు రద్దయ్యాయి. న్యూయార్కుతో జరిగే చివరి ఆటకు శిక్షలూ లేవు, గాయపడినవాడి స్థానంలో మరొకణ్ణి దించటమూ లేదు, కాలపరిమితీ లేదు. అంటే ఒక్కడు మిగిలేదాకా ఆట సాగుతుంది. ఈ నిర్ణయాలు ఒక రాక్షసుడు చేసినవి కావు. దూరదూరాల కూర్చున్న అధికారులు తెరల మీద ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ సమావేశమై చేసిన తీర్మానాలు. నియమం ఉన్నదని ముందు తెలిస్తేనే, అది పోయినప్పుడు గుండె ఝల్లుమంటుంది. ఇక్కడ వస్తువూ రూపమూ వేరువేరుగా లేవు. మన కార్మికులకు ఇది తెలియనిదేమీ కాదు: ఎనిమిది గంటల పని ఉన్నదని తెలిసినవాడికే తొమ్మిదో గంట దోపిడీ అని తెలుస్తుంది.

ఈ చిత్రంలో ఉపాధ్యాయులు ప్రత్యేకంగా చూడవలసిన ఘట్టం ఒకటుంది. కార్పొరేషన్ యుద్ధాలు ఎట్లా జరిగాయో, నిర్ణయాలు ఎవరు చేస్తారో చదివి తెలుసుకోవాలని జొనాథన్‌కు కోరిక పుడుతుంది. గ్రంథాలయానికి పోతే అక్కడ పుస్తకాలు లేవు. వాటినన్నిటినీ సంక్షిప్తం చేసి యంత్రాలలోకి ఎక్కించారు. చివరకు జెనీవా వెళ్తాడు. అక్కడ ప్రపంచ జ్ఞానమంతా నింపుకున్న కంప్యూటరు వుంది. దాన్ని కాపలా కాసే వృద్ధుడు (రాల్ఫ్ రిచర్డ్‌సన్) ఎంతో మామూలుగా, పదమూడో శతాబ్దం మొత్తం ఎక్కడో పోయిందని చెబుతాడు. ప్రశ్న అడిగితే యంత్రం పొంతన లేని మాటలు చెబుతుంది. వృద్ధుడు కోపంతో దాన్ని తన్నుతాడు. ఇది హాస్యంగానే వుంటుంది. కాని జొనాథన్ వట్టి చేతులతో తిరిగి వస్తాడు. పుస్తకాలను తగలబెట్టే నియంతలను సాహిత్యం చాలామందిని చూపింది. సారాంశం చాలునని చెప్పి పుస్తకాన్ని మాయం చేసే పాలన మరింత నాగరికమైనది, మరింత ప్రమాదకరమైనది. ఏ ప్రశ్నకైనా యంత్రం నాలుగు వాక్యాల జవాబు అందించే ఈ రోజుల్లో మన విద్యార్థులకు ఆ దృశ్యం వైజ్ఞానిక కల్పనలా కనిపించకపోవచ్చు.

అయితే మొదటి చిత్రాన్ని తలకెత్తుకోవలసిన పని లేదు. దానికి లోపాలున్నాయి, అవి చిన్నవి కావు. భూగోళమంతా ఆరు కార్పొరేషన్ల చేతిలో వున్నదంటారు. ఆ కార్పొరేషన్లలో పనిచేసే కార్మికుడు ఒక్కడూ కనిపించడు. ఇంధనాన్ని ఎవరు తవ్వుతున్నారు, ఆహారాన్ని ఎవరు పండిస్తున్నారు అనే ప్రశ్న దర్శకుడికి తట్టలేదు. స్త్రీలను అధికారులు ఆటగాళ్ళకు బహుమానాలుగా పంపటం, జొనాథన్ భార్య ఎల్లాను ఒక పెద్ద అధికారి కోరాడని తీసుకుపోవటం చిత్రం ఖండిస్తుంది. కాని ఆ స్త్రీల మనసులో ఏమున్నదో చెప్పటానికి వాళ్ళకు తగినంత చోటివ్వదు. అన్నిటికీ మించి, వ్యవస్థకు ఎదురు నిలిచేది ఒక్క మనిషి. చివరి ఆటలో తోటివాళ్ళందరూ కూలిన తరవాత, జొనాథన్ తన చేతికి చిక్కిన ప్రత్యర్థిని చంపకుండా వదిలి, బంతిని గోలులో వేస్తాడు. జనం అతని పేరు అరుస్తారు. అతని ముఖం మీద బొమ్మ ఆగిపోతుంది. ఆ అరుపు స్వేచ్ఛ కోసం పిలుపా, మరో విగ్రహానికి పూజా? చిత్రం చెప్పదు. అమెరికన్ ఉదారవాదం తన చివరి గోడ దాకా వచ్చి నిలబడ్డ చోటు అది. గోడను దాటలేదు, అయితే గోడ లేదని బుకాయించనూ లేదు. దాని నిజాయితీ అంతా ఇంతే, కాని ఇంత వుంది.

చిత్రాన్ని తయారుచేసిన సంస్థ చరిత్ర ఇంకా విచిత్రమైనది. ‘రోలర్‌బాల్’ను యునైటెడ్ ఆర్టిస్ట్స్ విడుదల చేసింది. నటీనటులు, దర్శకులు స్టూడియో యజమానుల పెత్తనం లేకుండా చిత్రాలు తీసుకోవాలని చాప్లిన్, మేరీ పిక్‌ఫర్డ్, ఫెయిర్‌బాంక్స్, గ్రిఫిత్ కలిసి 1919లో పెట్టిన సంస్థ అది. 1967లో దాన్ని ట్రాన్సమెరికా అనే భీమా వ్యాపార సంస్థ కొనేసింది. అంటే కార్పొరేషన్ల పాలనను నిందించే చిత్రం ఒక కార్పొరేషన్ జేబులోంచే వచ్చింది. 1978లో ఆర్థర్ క్రిమ్ మొదలైన నిర్వాహకులు ట్రాన్సమెరికా పెత్తనాన్ని భరించలేక బయటికి పోయి వేరే సంస్థ పెట్టుకున్నారు. 1981లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ ఎం.జి.ఎం. చేతిలో పడింది. ఆ ఎం.జి.ఎం. చేతులు మారి మారి, 2002లో తన అటకమీద ఉన్న పాత పేరును దింపి మళ్ళీ చిత్రం తీసింది. ఒక పేరు ఆస్తిగా ఎట్లా మారుతుందో, ఆ ఆస్తిని దున్నుకోవటమే పునర్నిర్మాణం ఎట్లా అవుతుందో ఈ చరిత్ర చెబుతుంది.

2002 నాటి చిత్రంలో కథ 2005లో జరుగుతుంది. స్థలం మధ్య ఆసియాలోని కజకస్తాన్. జొనాథన్ క్రాస్ (క్రిస్ క్లైన్) అనే అమెరికన్ యువకుడు డబ్బు కోసం అక్కడికి పోయి ఆ ఆటలో పేరు తెచ్చుకుంటాడు. ఆట యజమాని పెట్రొవిచ్ (జాఁ రెనో). రక్తం కారితే ప్రేక్షకుల సంఖ్య పెరుగుతుందని కనిపెట్టి, అతను తన ఆటగాళ్ళకే ప్రమాదాలు కల్పిస్తాడు. ఎంతమంది చూస్తున్నారో ఎప్పటికప్పుడు చూపే మీటరొకటి వుంటుంది. ఆటగాడు పడిపోగానే అంకె పైకి లేస్తుంది. ఈ ఒక్క ఊహ మంచిది. దీన్ని నిజంగా పట్టుకుని వుంటే చిత్రం మరో దారిన నడిచేది.

కాని మార్పు ఎక్కడ జరిగిందో చూడండి. హ్యూస్టన్ పోయింది. ఇంధన కార్పొరేషన్ పోయింది. ప్రపంచాన్ని ఏలే ఆరు సంస్థలు పోయాయి. వాటి స్థానంలో, సోవియట్ వ్యవస్థ కూలిన చోట పుట్టుకొచ్చిన ఒక దొంగ వ్యాపారి నిలబడ్డాడు. అతను మొరటువాడు, క్రూరుడు, విదేశీయుడు. దోపిడీ అనేది ఎక్కడో దూరాన, చట్టం లేని ఎడారి దేశంలో, అనాగరికులు చేసే పని అయింది. అక్కడికి వెళ్ళిన అమాయకుడు అమెరికన్. 1975 చిత్రం తన ఇంటి యజమానిని చూపించి ఇతనే అన్నది. 2002 చిత్రం కిటికీలోంచి వేలు చాపి, అడుగో, వాడు అన్నది.

ఈ వేలు ఎటు చూపిందో అటే కొంచెం పరిశీలించినా నిజం దొరికేది. కజకస్తాన్‌లోని తెంగిజ్ చమురు క్షేత్రంలో షెవ్రాన్ అనే అమెరికన్ సంస్థ 1993లోనే ఉమ్మడి సంస్థ పెట్టి కూర్చుంది. అంటే మొదటి చిత్రంలోని ఇంధన కార్పొరేషన్ లాంటిది రెండవ చిత్రం స్థలంలో నిజంగానే వుంది! కెమెరా దాని పక్కనుంచే పోయింది, దాన్ని చూడలేదు.

ఇంతకన్నా కఠినమైన పరిహాసం హ్యూస్టన్‌లోనే జరిగింది. ఆ నగరంలో ఎన్రాన్ అనే ఇంధన కార్పొరేషన్ వుండేది. మహారాష్ట్రలోని దభోల్ విద్యుత్ కేంద్రం వ్యవహారం వల్ల ఆ పేరు మన దేశంలోనూ అందరికీ తెలిసిందే. హ్యూస్టన్‌లో 2000లో తెరిచిన కొత్త బేస్‌బాల్ మైదానానికి తన పేరు పెట్టించుకోవటానికి, 30 ఏళ్ళకు 10 కోట్ల డాలర్లు ఇస్తానని ఆ సంస్థ ఒప్పుకుంది. మైదానం ఎన్రాన్ ఫీల్డ్ అయింది. హ్యూస్టన్ ఆటకు ఇంధన కార్పొరేషన్ పేరు! జ్యూయిసన్ 2018కి ఊహించింది 18 ఏళ్ళు ముందే జరిగిపోయింది. 2001 డిసెంబరు 2న ఎన్రాన్ దివాలా తీసింది. వేలాది ఉద్యోగుల కొలువులూ, ముసలితనానికి దాచుకున్న పొదుపూ దానితోపాటు మునిగాయి. రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే, 2002 ఫిబ్రవరి 8న, కొత్త ‘రోలర్‌బాల్’ విడుదలయింది. అందులో హ్యూస్టన్ లేదు, ఇంధన సంస్థా లేదు. అదే నెలాఖరులో బేస్‌బాల్ జట్టు యాజమాన్యం 21 లక్షల డాలర్లు చెల్లించి ఎన్రాన్ పేరును మైదానం మీదనుంచి చెరిపించుకుంది. ఆ ఏడే అక్కడ మినిట్ మెయిడ్ అనే పళ్ళరసం పేరు వెలిసింది. 2025లో దాన్నీ తీసి డైకిన్ అనే శీతల యంత్రాల సంస్థ పేరు పెట్టారు. ఇంధనం పోయి ఆహారం, ఆహారం పోయి గృహవసతి! హారిసన్ జాబితాను ఎవరో వరసగా చదువుతున్నట్టే వుంది.

రచయితలు ఎన్రాన్ పతనాన్ని ముందే చూసి వుండాలని నేననటం లేదు. చిత్రం అంతకుముందే తయారయింది. 2001 వేసవిలో రావలసినది, పరీక్షా ప్రదర్శనలు బెడిసికొట్టటంతో, కొన్ని దృశ్యాలను మళ్ళీ తీసి, కత్తిరించి, 2002కు జరిపారు. నేననేదల్లా, చేతిలో వున్న పాత కథే వాళ్ళకన్నా ఎక్కువ చూసిందని. ఆ కథను వున్నది వున్నట్టు తీసినా, అది ఆనాటి వార్తాపత్రికలా వుండేది.

వస్తువు పోయిన తరవాత రూపం నిలబడదు. కొత్త చిత్రంలో ఆట బాట ఎనిమిది అంకె ఆకారంలో వుంటుంది. దాని మీద ఏమి జరుగుతున్నదో చివరి దాకా తెలియదు. కెమెరా ఒక చోట నిలవదు. దృశ్యం రెండు క్షణాలు ఆగదు. నియమాలు ఏమిటో తెలియనప్పుడు వాటిని ఉల్లంఘించారంటే మనకు ఏమనిపిస్తుంది? ఏమీ అనిపించదు. ఎడారిలో పారిపోయే పెద్ద ఘట్టాన్నంతా చీకట్లో చూసే పరికరంలోంచి తీసినట్టు పచ్చటి మసకలో చూపించారు. ఆ ఘట్టం చూస్తున్నంతసేపూ నాకు కళ్ళు నొప్పిపుట్టటం తప్ప భయం కలగలేదు. చేతకాని దర్శకుడయితే సరిపెట్టుకోవచ్చు. కాని మెక్‌టియర్నన్ ‘ప్రిడేటర్’ (1987), ‘డై హార్డ్’ (1988) తీసినవాడు. ఒక మేడలో ఏ గది ఎక్కడ వున్నదో ప్రేక్షకుడి బుర్రకెక్కించి ఉత్కంఠ పుట్టించగల నేర్పరి. అంతటి పనివాడి చేతిలో ఇట్లాంటి సరుకు తయారయిందంటే, లోపం పనివాడి చేతిలో మాత్రమే వెతకటం చాలదు.

దీనికి తోడు మార్కెట్టు తన కత్తెర తెచ్చింది. మొదట పెద్దలకు ఉద్దేశించి తీసిన చిత్రాన్ని, 13 ఏళ్ళు దాటిన పిల్లలు కూడా టిక్కెట్టు కొనగలిగేట్టు కోసేశారు. హింసతో జనాన్ని ఆకర్షించే యజమానిని నిందించే చిత్రం, జనాన్ని ఆకర్షించటం కోసం హింసను ఎంత వుంచాలో కొలతలు వేసుకుంది. పెట్రొవిచ్ చేతిలోని మీటరు తెర మీద వున్నది ఒకటే కాదు, స్టూడియో బల్ల మీద మరొకటి వుంది.

చిత్ర నిర్మాణం చుట్టూ జరిగిన కథ చిత్రంకన్నా చీకటిది. చిత్రం తయారవుతున్న కాలంలోనే, 2000లో, దర్శకుడు మెక్‌టియర్నన్ నిర్మాత చార్లెస్ రోవెన్ ఫోను సంభాషణలను దొంగచాటుగా వినటానికి ఆంథొనీ పెలికానో అనే ప్రైవేటు డిటెక్టివును పెట్టుకున్నాడు. తరవాత ఆ సంగతి మీద అమెరికన్ కేంద్ర దర్యాప్తు సంస్థకు అబద్ధం చెప్పాడన్న నేరం మీద కోర్టుల చుట్టూ తిరిగి, 2013లో జైలుకు పోయి, 2014లో విడుదలయ్యాడు. దీన్ని ఒక వ్యక్తి పతనంగా చెప్పుకుని నిట్టూర్చటం తేలిక. నాకు ముఖ్యంగా కనిపించేది వేరు. కళాకారుడికీ పెట్టుబడికీ మధ్య బాహాటంగా మాట్లాడుకునే చోటు లేకపోతే, ఆ తగాదా ఫోను తీగల్లోకి దిగజారుతుంది. 1978లో క్రిమ్ బృందం పెత్తనానికి వ్యతిరేకంగా కలిసికట్టుగా బయటికి నడిచింది. 2000 నాటికి మిగిలింది ఒకరి మీద ఒకరి నిఘా.

ఇక్కడ మన విద్యార్థి మిత్రులు నన్నొక ప్రశ్న అడగవచ్చు. 1975 చిత్రంలో తిరుగుబాటు లేదు, ఒక్కడే నిలబడతాడు. 2002 చిత్రంలో చివర యజమాని చస్తాడు, జనం తిరగబడతారు. అట్లా చూస్తే రెండవదే ఎక్కువ అభ్యుదయకరం కాదా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవటం సినిమాకన్నా మన సాహిత్యానికే ఎక్కువ అవసరం. తిరుగుబాటును చివరి రీలులో అతికించినంత మాత్రాన చిత్రం అభ్యుదయ చిత్రం కాదు. ఎవరి మీద తిరుగుబాటు, దేని మీద తిరుగుబాటు అన్నది ముందు తేలాలి. పెట్రొవిచ్ చచ్చిన మర్నాడు ఆ ఆట హక్కులు ఎవరివి? అతను ఒప్పందాల కోసం వెంపర్లాడిన అమెరికన్ టెలివిజన్ కంపెనీలు ఏమయ్యాయి? చిత్రం అడగదు. దుర్మార్గుడు చచ్చాడు కాబట్టి దుర్మార్గం చచ్చిందని ప్రేక్షకుడు తృప్తిగా ఇంటికి పోతాడు. బర్థొలొమ్యూను చంపినా ఏమీ మారదని మొదటి చిత్రం చూసినవాడికి తెలుసు. అతని కుర్చీలో రేపు మరొకడు కూర్చుంటాడు. ఆ తెలివిడి ప్రేక్షకుణ్ణి కలతపెడుతుంది. నా దృష్టిలో కలతపెట్టే ఓటమి, నిద్రపుచ్చే గెలుపుకన్నా విప్లవానికి దగ్గరగా వుంటుంది. మన కథల్లో కూడా ఆఖరి పేజీలో భూస్వామిని నరికించి, భూమి పట్టా సంగతి మరిచిపోయినవి లేకపోలేదు. అవి రాసినవారి నిజాయితీని నేను శంకించను. కాని ఆ నరుకుడు పాఠకుడి కోపాన్ని పెంచిందా, తీర్చేసిందా అని అడగక తప్పదు.

మొదటి చిత్రం కూడా ఈ ప్రమాదంనుంచి పూర్తిగా తప్పించుకోలేదు. ప్రమాదకరమైన ఆ విన్యాసాలు చేసిన శ్రామికుల పేర్లను చిత్రంలో వేశారు. హాలీవుడ్డులో అప్పటికి అది అలవాటు కాదు, అది మెచ్చుకోవలసిందే. కాని ఆ విన్యాసాలు ఎంత బాగా కుదిరాయంటే, రోలర్‌బాల్‌ను నిజంగానే ఆడించే పోటీలు పెడదామని ఉత్సాహపడ్డవాళ్ళు బయలుదేరారు. జ్యూయిసన్ నిర్ఘాంతపోయాడు. అసహ్యం పుట్టించటానికి చూపిన దాన్ని జనం కావాలన్నారు. నా లెక్కలో 2002 చిత్రానికి అసలు మూలం ఆ ఉత్సాహమే. జ్యూయిసన్ చెప్పిన కథను కాక, ఆనాడు ఆట మాత్రం చాలునన్నవాళ్ళ కోరికను అది తెరకెక్కించింది. అయితే కథ తీసేస్తే ఆట కూడా మిగలలేదు.

ఈ చర్చ మనకు దూరపుది కాదు. 2008లో మొదలైన ఐ.పి.ఎల్. క్రికెట్టులో హైదరాబాదు పేరుతో ఆడిన డెక్కన్ ఛార్జర్స్ జట్టు ఒక పత్రికా సంస్థ ఆస్తి. ఆ జట్టు 2009లో గెలిస్తే ఊరంతా తనదే గెలుపనుకుంది. 2012లో యాజమాన్యం ఆర్థికంగా చితికిపోగా జట్టే రద్దయింది. అదే ఏడు ఒక టెలివిజన్ సంస్థ కొత్త హైదరాబాదు జట్టును కొనుక్కుంది. ఊరు మారలేదు, అభిమానులు మారలేదు. మారింది యజమాని, రంగు, పేరు. ఇందులో మన మాటకు చోటెక్కడుంది? 2023 నుంచి 2027 దాకా ఆ పోటీల ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. క్రికెట్టు రోలర్‌బాల్ కాదు, అక్కడ ఎవరూ చావటం లేదు. ఆటను ఇష్టపడటం తప్పని చెప్పే ఛాందసం నాకు లేదు. కాని తన ఊరి పేరును ఎవరు ఎవరికి అమ్మారో అభిమానికి తెలియాలి. జొనాథన్ గ్రంథాలయానికి వెళ్ళి అడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

2022లో ఎం.జి.ఎం. స్టూడియోను అమెజాన్ సంస్థ 845 కోట్ల డాలర్లకు కొన్నది. పుస్తకాలు అమ్మటంతో మొదలై ఆహారం, రవాణా, సేవలు, విలాసాలు అన్నిటిలోనూ అడుగుపెట్టిన సంస్థ అది. కార్పొరేషన్ల రాజ్యాన్ని ఊహించిన చిత్రం ఇప్పుడు ఆ గిడ్డంగిలో ఒక సరుకు. మళ్ళీ ఒకనాడు మూడో ‘రోలర్‌బాల్’ తియ్యాలని ఎవరికైనా తోచవచ్చు. సాంకేతిక నైపుణ్యానికి కొదవ వుండదు; బాటలు మరింత నునుపుగా, రక్తం మరింత ఎర్రగా వుంటాయి. అప్పుడు మన విమర్శకులు ఆట ఎట్లా వుందని కాక, ఈసారి యజమాని ఏ ఊళ్ళో వున్నాడని ముందు అడగాలి. అతణ్ణి ఎంత దూరదేశంలో పెట్టి చూపిస్తే, అతను అంత దగ్గర్లో వున్నాడని అనుమానించాలి.